పర్వతవర్ణనము: మహేంద్రగిరియు, ఆర్మకొండయు

మహాకావ్యమునకు పదునెనిమిది వర్ణనములు వలయునని ఆలంకారికులు విధించిరి. దండి కావ్యాదర్శ ప్రథమపరిచ్ఛేదమున నగరమును, సముద్రమును జెప్పి వెంటనే శైలమును జెప్పెను. ఓరుగంటి ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుడు ఆ పట్టికనే గైకొని పదునెనిమిదిగా లెక్కపెట్టి స్థిరపఱచెను. నాటినుండి కొండలేని ప్రబంధము తెలుగున నరుదు. అయినను తెలుగుదేశమున నన్నిటికంటె నెత్తైన కొండ యేదియో, ఆ కొండ మాత్రము ప్రసిద్ధప్రబంధములలో నెందును కానరాదు. విశాఖపట్టణమునకు వాయవ్యదిశను, పాడేరునకును అరకునకును నడుమ, హుకుంపేట ప్రాంతమున నున్న శిఖర మది. దానిని జింధగడ యనియు, ఆర్మకొండ యనియు, సీతమ్మకొండ యనియు వ్యవహరింతురు. ఎత్తు 1680 మీటర్లని కొన్ని గ్రంథములును, 1690 అని కొన్నియు చెప్పుచున్నవి. తూర్పుకనుమల కెల్ల నిదియే శిరస్సు. శిరస్సును విడిచి తక్కిన యవయవముల వర్ణించిన యీ లోపము కవులదా, లక్షణకర్తలదా, లేక కొండదేనా యనునది విచార్యము.

లక్షణకర్తలను నిందించుట సులభము. న్యాయము మాత్రము కాదు. దండి కొండను వర్ణింపుమనెనే గాని చూడని కొండనే వర్ణింపుమనలేదు. ఆ పట్టిక కవికి జ్ఞాపకపత్రము వంటిది. నాయకుడు తిరుగు లోక మెంత విశాలమైనదో చదువరికి దోచుటకై నగరము, సముద్రము, కొండ, ఋతువులు కావ్యమున గనబడవలయునని దాని తాత్పర్యము. కాలక్రమమున జ్ఞాపకపత్రము శాసనమయ్యెను, శాసనము అలవాటయ్యెను. కొండ యనగానే నిర్ఝరములు, సింహములు, ఓషధులు, గుహలు, కిన్నరమిథునములు పిలువకయే వచ్చి వరుసగా నిలుచుట మొదలిడెను. పాఠశాలలయందును నేటికి నిదియే తీరు. విశాఖపట్టణమున తరగతిగది కిటికీనుండి యారాడకొండ కనబడుచుండగా, పర్వతమును గూర్చి వ్యాసము వ్రాయు బాలుడు మంచును, కిన్నరులను వ్రాసి మంచి మార్కులు సంపాదించును. ఆ కొండ రేవునోటి ప్రక్క నిలిచి గాలివానలనుండి యోడలకు చాటిచ్చుచున్నదని వ్రాసినవాని కాగితముపై, ఇది సాహిత్యము గాదను దిద్దుబాటు పడుటయు గలదు.

అలవాటునకు లోబడినట్లే యుండి దానిని మించిన కవులు లేకపోలేదు. వారిలో నగ్రగణ్యుడు అల్లసాని పెద్దన. సిద్ధుడొసగిన పాదలేపముతో ప్రవరుడు హిమాలయమును జేరిన ఘట్టమునందలి పద్యము పండితులకే గాక పాఠశాలబాలురకును కంఠస్థము. శిఖరములనుండి జారు సెలయేళ్ళ తరంగములు మద్దెలలు మ్రోగించుట, ఆ ధ్వనికి నెమళ్ళు పురివిప్పి యాడుట, చఱియలయందు తిరుగు ఏనుగులు తొండములతో సాలవృక్షములను గదల్చుట అందు వర్ణితములు. సమాసముల నడకయే కొండ నెక్కువాని నడకవలె నున్నది. ఊపిరి నిలిపి చదువవలయును, తుద నొక్కసారి విడువవలయును. పెద్దన హిమాలయమును కన్నులార గాంచెననుట కాధారము లేదు. అందుచే నిది పుస్తకపుగొండ యని త్రోసివేయు విమర్శకులు గలరు. వారు పద్యమును జూచి కథను మఱచుచున్నారు. ప్రవరుని పాదలేపము కరగుటకు కారణ మా కొండమీది మంచే. మంచు లేనిచో లేపము కరగదు. లేపము కరగనిచో ప్రవరుడు సాయంకాలమునకు తన యగ్నిహోత్రము కడకు మరలును. వరూధిని యెదురుపడదు, స్వారోచిషమనువు పుట్టడు. వర్ణనమునందలి చలియే కథ నడిపినది. పట్టికలో మూడవదిగా వచ్చిన వస్తువు కావ్యమున కంతటికి కీలయై కూర్చున్నది. చూచి వర్ణించెనా, చూడక వర్ణించెనా యను ప్రశ్నకంటె, వర్ణించినదానికి కావ్యమున బని గలదా యను ప్రశ్న ముందు వేయదగినది.

సాలవృక్షమును గూర్చి యిచట నొక మాట చెప్పవలయును. "సాలము: ఒకానొక చెట్టు" అని తాత్పర్యము చెప్పి విడిచిపెట్టు బోధకులు పలువురు. అది ధూపమునకు గుగ్గిల మిచ్చు చెట్టు. హిమాలయపాదప్రదేశములయందు వనములై పెరుగు నా చెట్టే శ్రీకాకుళము మొదలగు ఉత్తరాంధ్రపు కొండలయందును పెరుగుచున్నది. అనగా పెద్దన పద్యమునందలి నెమలియేగాక చెట్టును తెలుగుబాలుని కంటికి దూరము కాదు. ప్రబంధపుగొండనుండి మన్యపుగొండకు దిగుట కింతకంటె దగ్గఱిదారి యుండబోదు.

శ్రీనాథునిది వేఱొక మార్గము. కాశీఖండారంభమున వింధ్యము మేరువుపై నసూయపడి, పెరిగి పెరిగి సూర్యుని త్రోవ నడ్డగించును. దేవతల ప్రార్థనమున అగస్త్యుడు కాశిని విడువలేక విడిచి వచ్చి, తాను మరలివచ్చువఱకు వంగియుండుమని దాని కాజ్ఞాపించి దక్షిణమునకు బోవును. ఇచట కొండ వర్ణ్యవస్తువు గాదు, పాత్రము. మాత్సర్యము గలది, మాటకు గట్టువడునది. కొండలలో నెవ్వ రెత్తను వివాదము పురాణమంత ప్రాచీనమని ఈ కథవలన దెలియుచున్నది. రామరాజభూషణుని వసుచరిత్రమున కోలాహలపర్వతము శుక్తిమతీనదిని మోహించి యడ్డగింపగా వసురాజు పాదముతో దానిని తొలగించును. ఆ కొండకును ఆ నదికిని బుట్టిన గిరిక కావ్యనాయిక. పోతన త్రికూటము వీనికి భిన్నము. ఇనుము, వెండి, బంగారుల శిఖరములు, వృక్షనామముల దొంతరలు గల యా వర్ణనము చెవికి విందు. కంటికి పని తక్కువ.

ఇక మనుచరిత్రమునందే మఱియొక పద్యము గలదు. బోధకులు దీనిని హిమాలయపద్యముతో జేర్చి చదివించుట యరుదు. కళింగజైత్రయాత్రలో కృష్ణదేవరాయలు పొట్నూరుకడ జయస్తంభము నాటించెను. సింహాచలమున నాతని శాసనములును గలవు. ఆ స్తంభమును పెద్దన తాటియాకునకు బోల్చెను. సింహగిరిప్రభువు తిరునాళ్ళకు దిగివచ్చు దేవతలు, ఓడిన కళింగరాజు నపకీర్తిని కాటుకగా బూసి, యందలి యక్షరములను చదువుకొందురట. తాటియాకుమీద గంటముతో గీచిన యక్షరములు కనబడుటకు మసి పూయు నలవాటెఱిగినవారికి ఈ యుత్ప్రేక్ష రుచి తెలియును. పొట్నూరు పద్మనాభమునకు సమీపమున, నేటి విశాఖపట్టణపు జిల్లాలోనే యున్నది. చూడని హిమాలయమునకు చెట్టును, నెమలిని, ఏనుగును ఇచ్చిన కవి, ప్రభువు సేనతో నడచిన విశాఖదేశపు గొండకు తిరునాళ్ళను, స్తంభమును మాత్ర మిచ్చెను. ఇది కవి దోషమని యెంచరాదు. ఆ పద్యమునకు విజయము వస్తువు, కొండ స్థలము. అయినను ఒక తారతమ్య మిందు స్పష్టము. దక్షిణాదినుండి వచ్చిన కవికి ఈ ప్రాంతపుగొండ క్షేత్రముగాను, దుర్గముగాను గనబడెనే గాని కొండగా గనబడలేదు. సింహగిరి వెనుక పొరలుపొరలుగా లేచిన నీలపుటెత్తులు దండయాత్రకు నవసరములు గావు. కనుక కావ్యమునకును నవసరములు గాలేదు.

దీనికి నెదురుగా మహేంద్రగిరిని నిలిపి చూడవలయును. అది నేటి ఒడిశా రాష్ట్రమున గజపతి జిల్లాలో, శ్రీకాకుళపు టెల్లకు జేరువగా నున్నది. ఎత్తు 1501 మీటర్లు. ఆర్మకొండకంటె నూటడెబ్బదితొమ్మిది మీటర్లకు దక్కువ గాకుండ పొట్టిది. కాని భాగ్యమున దానికి సాటిలేదు. కులపర్వతములు ఏడింటిలో మహేంద్రము మొదట లెక్కింపబడును. క్షత్రియసంహారానంతరము పరశురాముడు తపమునకై చేరిన కొండ యదియే యని ప్రసిద్ధి. దానినుండి వెడలి బారువకడ సముద్రమును గలియు నదికి మహేంద్రతనయ యని పేరు. కొండకు బిడ్డగా నదిని జెప్పిన యా పేరొక్కటియే యొక చిన్నకావ్యము.

ఆ కొండను కాళిదాసు రెండుమాఱులు తలచెను. రఘువంశ చతుర్థసర్గమున రఘువు ఉత్కలులు చూపిన త్రోవను కళింగమునకు వచ్చి, మావటీడు మొండియేనుగు తలపై నంకుశము నాటినట్లు మహేంద్రశిఖరమున దన ప్రతాపమును నాటును. పిమ్మట నాతని భటులు తమలపాకులు పఱచి పానభూమి గల్పించుకొని కొబ్బరికల్లు త్రావుదురు. రాజు మహేంద్రనాథుని సంపదను గైకొని నేలను విడిచిపెట్టును. షష్ఠసర్గమున ఇందుమతీస్వయంవరమునకు వచ్చిన హేమాంగదుని సునంద పరిచయము చేయుచు, మహేంద్రమునకును మహాసముద్రమునకును ఇతడు ప్రభువనియు, మేడకిటికీలనుండి కనబడు సముద్రమే తన ఘోషముచే నాతనిని నిదురలేపుననియు జెప్పును. రెండుతావులను కొండ సముద్రముతో గూడియే వచ్చుట గమనింపదగినది. కొబ్బరియు, తమలపాకును తీరదేశపు వస్తువులు. కాళిదాసు వానిని మహేంద్రముతో జేర్చుట వట్టి పట్టికవలన గలిగిన వాక్యము గాదు. ఆ దేశమును జూచినవాడో, చూచినవానివలన విన్నవాడో పలుకదగిన మాట యది. సింహము లేదు, కిన్నరుడు లేడు. అలసిన సైనికు డున్నాడు, వాని చేతిలో కల్లు గలదు. నగవర్ణన మెట్లుండవలయునని యడిగినవారికి ఈ యొక్క శ్లోకము చూపిన చాలును.

కాళిదాసునకు పిదప శాసనములు దానిని మోసికొనివచ్చినవి. ప్రయాగస్తంభమునందలి సముద్రగుప్తుని ప్రశస్తిలో మహేంద్రగిరి యను పదమున్నది. అది కొండ పేరా, పిష్టపురమునేలిన రాజు పేరా యని చరిత్రకారులు వాదులాడిరి. కొండ పేరు రాజునకు బెట్టుటయో, రాజు పేరు కొండయని భ్రమించుటయో, ఏదైనను ప్రతిష్ఠకు గుఱుతే. ప్రాచ్యగాంగుల తామ్రశాసనములు మహేంద్రాచలశిఖరమున వెలసిన గోకర్ణస్వామిని స్తుతించి కాని దానవిషయమునకు రావు. చోళులును ఆ కొండపై తమ విజయమును వ్రాయించిరి. భీమునిపేరను, ధర్మరాజుపేరను, కుంతిపేరను బరగు గుళ్ళు నేటికిని అచట గలవు. ఐతే గాంగశాసనములలో మహేంద్రము నానాట నొక పడికట్టుమాటయై, శతాబ్దములకొలది అక్షరము మారకుండ నడచెను. కాళిదాసుని కొండ లేఖకుల చేతిలో బడి మరల పట్టికలోనికి జేరెను. కీర్తివలన గలుగు కీడిది.

ఆ కీర్తి సాహిత్యమున నిలిచిపోయిన బాగుండెడిది. భూగోళశాస్త్రమునను బ్రవేశించెను. తూర్పుకనుమలలో నెల్ల నెత్తైన శిఖరము మహేంద్రగిరి, 1501 మీటర్లు, అని కేంద్రప్రభుత్వపు తొమ్మిదవతరగతి పాఠ్యగ్రంథము బహుకాలము బోధించెను. దేశమంతట బాలురు దానినే వల్లించిరి. ఉద్యోగపరీక్షలలో దానినే వ్రాసిరి. మహేంద్రగిరికంటె ఆర్మకొండయేగాక కోరాపుటు జిల్లాలోని దేవమాలియు, 1672 మీటర్లతో, ఎత్తైనదే. గ్రంథకర్తలు కాళిదాసును నమ్మి కొలతలను విడిచిరని చెప్పుట సాహసమగును. కాని పేరున్న కొండకు ఎత్తునుగూడ నంటగట్టుట మనుష్యస్వభావము. పురాణమును, కావ్యమును, శాసనమును చెప్పినదానిని కాదని, ఎన్నడును వినని పేరును ముందునకు దెచ్చుటకు మనసొప్పదు. వింధ్యమేరువుల వివాదమున నగస్త్యుడు తీర్పరియయ్యెను. ఇచట తీర్పరి కొలతగొలుసు. ఆ తీర్పు పాఠశాలకు వచ్చుటకు ఆలస్యమైనది.

ఇట్టిది లోకమున నిది మొదటిది గాదు. డార్జిలింగునుండి చూచువారికి కాంచనజంఘ ఆకాశము నిండియుండును. పందొమ్మిదవ శతాబ్దమున గొంతకాలము దానినే ప్రపంచమున నున్నతమైన శిఖరముగా నెంచిరి. దూరమున నితరశిఖరముల వెనుక నక్కియున్న పదునైదవ సంఖ్యాశిఖరము దానిని మించినదని 1852లో గణితముచే దేలెను, 1856లో ప్రకటితమయ్యెను. 1865లో దానికి ఎవరెస్టు పేరు పెట్టిరి. అన్నిటికంటె పొడుగైనది అన్నిటికంటె ప్రస్ఫుటముగా గనబడవలెనను నియమము ప్రకృతిలో లేదు.

ఆర్మకొండ కథయు నిట్టిదే. మహేంద్రము సముద్రమునకు జేరువ నుండి, పల్లపునేలనుండి యొక్కపెట్టున లేచుటచే, ఓడవానికిని బాటసారికిని దండనాయకునికిని కనబడును. ఆర్మకొండ యట్లు గాదు. అరకులోయయే సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైన నున్నది. ఆ యెత్తైన భూమిమీద కొండలు, వానినడుమ లోయలు, మరల కొండలు. వానిలో నొకటి మఱికొంత యెత్తు. దాని యెత్తులో సగముపైగా చుట్టుప్రక్కల భూమి మ్రింగినది. విశాఖపట్టణపు రేవున దిగినవాని కంటికి యారాడకొండ మహాపర్వతము. అంతకంటె మిక్కిలి యెత్తైన శిఖరము కనబడనే కనబడదు. కవి దూరమునుండి చూచునవి ఛాయలు మాత్రమే.

చూచుటకు బోవుటయు సులభముగాదు. మన్యపుజ్వరము పల్లపువారిని శతాబ్దములపాటు ఆ కొండలకు దూరముగా నుంచెను. పండితుడు కాశికి బోయి వచ్చినను పాడేరునకు పోలేదు. 1839వ సంవత్సరపు శాసనముచే గంజాము, విశాఖపట్టణపు జిల్లాల కొండప్రదేశములు సామాన్యన్యాయస్థానముల పరిధినుండి తొలగింపబడి కలెక్టరు ప్రత్యేకాధికారమున కొప్పగింపబడెను. ఏజెన్సీ యను మాటయే నాటి వాసన. 1922 మొదలు 1924 వఱకు నడచిన అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుతో మన్యము తెలుగువారి పాటలలోనికిని, కథలలోనికిని వచ్చెను. కాని యా రచనలలో కొండ వీరునికి చాటుగా మాత్రమే నిలిచినది. వీరుడు దిగిపోగానే కొండయు రంగమునుండి దిగిపోవును. 2022 ఏప్రిలునెలలో పాడేరు ముఖ్యస్థానముగా నేర్పడిన జిల్లాకు ఆ వీరుని పేరే పెట్టిరి. కావున ఈ శిఖరము నేడు విశాఖపట్టణపు జిల్లాలోనిది గాదు. పరిపాలనచే వేఱైనను పట్టణమునకు కొండకును గల సంబంధము తెగలేదు. కొత్తవలసనుండి కిరందులునకు బోవు రైలుమార్గము 1960వ దశకమున ఈ కొండలను తొలిచికొని పోయినది. బైలదిల్లా యినుపరాయి ఆ సొరంగములగుండ దిగివచ్చి రేవును జేరుచున్నది. లక్షలజనులు ఆ రైలెక్కి అరకు జూచివచ్చిరి. చూడలేదను సాకు కవులకు నేడు లేదు.

పురాణము లేని కొండ కావ్యమునకు దగదని యాక్షేపించువారుందురు. వస్తువునకు ప్రఖ్యాతి యుండవలయునను శాస్త్రవాక్యమును వారు చూపుదురు. శాస్త్ర మా నియమమును కథకు విధించెను గాని కొండకు విధింపలేదు. అదియును గాక, ఈ దేశమునందే దానికి సమాధానము గలదు. కృష్ణమాచార్యుని సింహగిరివచనములు తెలుగున తొలి వచనరచనలలోనివి. వానియందు కొండవర్ణన మించుమించుగా లేదు. కాని కొండపేరే దేవుని సంబోధనమై, ప్రతివచనమునకును తుదిపిలుపై నిలిచెను. అచట కొండ కన్నులకు వర్ణింపబడలేదు, నోటికి అలవాటు చేయబడినది. పదునెనిమిదవ శతాబ్దమున గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రినారసింహశతకమున, పరసైన్యములు దేశమును గలచినవేళ, ఆ కొండదేవునే నిలదీసెను. ఈ రెండు రచనలును పట్టికను బట్టి పుట్టినవి గావు. ఒకదానికి ఆర్తి, ఒకదానికి రోషము కారణము. కొండతో మనుష్యునకు పని గలిగినప్పుడు కొండ సాహిత్యమున దానే ప్రవేశించును. పురాణము వెనుకవచ్చి చేరును.

ఆర్మకొండతో పని గలవారు లేకపోలేదు. వారు పండితులు గారు, అంతియే. ఆ కొండల చఱియలయందు పోడుకొట్టి చోళ్ళు, సామలు పండించువారును, కార్తికమార్గశీర్షములందు వలిసెపూవులతో లోయను పసుపుపచ్చ గావించువారును, అడ్డాకులు గుట్టి సంతకు దెచ్చువారును తరతరములుగా నచటనే యున్నారు. తెలుగేగాక కువి, గదబ, ఆదివాసి ఒడియ మొదలగు భాషలు ఆ సంతలయందు వినవచ్చును. కాళిదాసుని భటులకు కొబ్బరికల్లు దొరకినట్లే ఇచటి బాటసారికి జీలుగుకల్లు దొరకును. వస్తువు సిద్ధముగా నున్నది. లేనిది పదము. ప్రబంధభాషలో కొండపై ప్రవహించునది నిర్ఝరము, స్రవంతి, సెలయేరు. ఉత్తరాంధ్రమున దానిపేరు గెడ్డ. విశాఖపట్టణమునకు నీరిచ్చు జలాశయములలో నొకదాని పేరే మేహాద్రిగెడ్డ. పట్టణవాసు లెల్లరకు పరిచితము. అయినను వ్యాసమునం దా పదము వ్రాసిన బాలునికి అది మాండలికమని దిద్దుదురు. మెట్ట, చఱియ, కోన, కనుమ, పోడు, గెడ్డ యను తెనుగుమాటలన్నిటికిని వేర్వేఱు రూపములు, వేర్వేఱు పనులు గలవు. సానువు, కటకము, నితంబము అను సంస్కృతపదముల భేదమును శ్రద్ధతో నేర్పు బోధకుడు ఈ భేదమును నేర్పకుండుటకు హేతువు కనబడదు. సంస్కృతపదములను విడువవలెనని దీని యర్థము గాదు. పెద్దన కటకమనుచోట కటకమే యుండవలయును. గెడ్డ పాఱుచోట గెడ్డ యుండవలయును.

ఈ పనికి మార్గదర్శి యొకడు కలడు. గిడుగు రామమూర్తి పంతులు, 1863లో వంశధారాతీరమున పర్వతాలపేటలో జనించినవాడు, మహేంద్రగిరినీడను పర్లాకిమిడిలో బోధకుడై యుండి, సవరలభాషను వారి నోటనే నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువులను రచించెను. 1931లో వెలువడిన యాతని సవర వ్యాకరణము కొండజాతి భాషకు తెలుగుపండితుడొక్కడు చేసిన సేవలలో మేటి. గ్రాంథికవ్యావహారిక వివాదమున నాతని పక్షమును మెచ్చనివారుగూడ ఈ కృషిని మెచ్చక తీరదు. ఆతడు కొండను వర్ణింపలేదు. కొండవారి మాటను వ్రాసిపెట్టెను. రాబోవు వర్ణనమునకు ముందు జరుగవలసిన పని యదియే యని విమర్శకుడు గుర్తింపవలయును. మహేంద్రముక్రింద ఆతడు చేసినట్టి కృషి ఆర్మకొండక్రింద అంతటి ఖ్యాతితో జరిగినట్లు కానరాదు.

శిఖరమునకు గల మూడుపేర్లే దీనికి తార్కాణము. ఈ మూడును ఒక్క శిఖరమువే యని కొందఱును, ప్రక్కప్రక్క శిఖరములవని కొందఱును వ్రాయుచున్నారు. ఆర్మకొండలో కొండ తెలుగుమాట. జింధగడ తెలుగు నడకది కాదు. సీతమ్మకొండ యను పేరు మాత్రము ప్రత్యేకవిచారమున కర్హము. రాముడు, సీత, భీముడు నడచిన గుఱుతులు లేని కొండ తెలుగుదేశమున నరుదు. మహేంద్రముపై భీముడు, కుంతి గుళ్ళయందు వెలసినట్లే ఇచట సీత పేరుగా వెలసినది. అనగా లక్షణకర్తలు కోరిన పురాణసంబంధము ఈ కొండకును గల్పింపబడుచునే యున్నది; అది పండితుని యనుజ్ఞకై వేచియుండలేదు. గోస్తనీనది కథయు నిట్టిదే. అనంతగిరి కొండలలో బుట్టి బొఱ్ఱాగుహలచెంత బాఱి భీమునిపట్టణముకడ సముద్రమును గలియు నా నదికి, గుహలోనికి జాఱిన గోవు కథ పశులకాపరులనోట బుట్టి, పొదుగునుబట్టి సంస్కృతనామము నందించినది. నదికి జరిగినది శిఖరమునకు జరుగుచున్నది. సీతమ్మకొండకు సీత యెందుకు వచ్చెను, ఏ గ్రామమువారు ఆ పేరు వాడుదురు, ఏ గ్రామమువారు వాడరు, ఆర్మ యనగా కువిలోగాని ఆదివాసి ఒడియలోగాని అర్థము గలదా, జింధగడ యని పలుకువారు ఏ ప్రక్కనుండి కొండను జూచువారు అను నీ ప్రశ్నలకు ప్రత్యుత్తరములు విశాఖపట్టణపు గ్రంథాలయములలో లేవు. హుకుంపేట, పాడేరు సంతలకు దిగివచ్చు ముసలివారియొద్ద గలవు.